అన్నను చూసి చెల్లెలికి నత్తి రాదు

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్ళు. నాలుగో ఏట మొదలైన నత్తి ఇప్పటికీ ఉంది. కొన్ని మాటల దగ్గర గొంతు పట్టేసినట్టు ఆగిపోతాడు. కళ్ళు గట్టిగా మూసుకుంటాడు, తొడ మీద చేత్తో కొట్టుకుంటాడు. ఒంటరిగా పాటలు పాడుకునేటప్పుడు మాత్రం ఒక్క అక్షరం కూడా తడబడదు. అందుకే మావారు "ఇదంతా టెన్షన్, ఊపిరి పీల్చుకుని మెల్లగా చెప్పు" అని ప్రతిసారీ అంటారు. బయట ఎవరైనా ఏదైనా అడిగితే వాడు నా వైపు చూస్తాడు, నేనే చెప్పేస్తాను. ఇప్పుడు మూడున్నరేళ్ళ మా పాప కూడా నాలుగు నెలలుగా "నా నా నా నాన్నా" అంటోంది. అన్నను చూసి నేర్చుకుంటోందని, ఇద్దరినీ కాస్త దూరంగా ఉంచమని మా అత్తగారు అన్నారు. నాకూ భయం వేసి, చెల్లితో ఎక్కువ మాట్లాడొద్దని వాడికి చెప్పాను. రోజూ రాత్రి దానికి కథలు చెప్పేవాడు, మానేశాడు. ఇప్పుడు మాతో కూడా మాటలు తగ్గించేశాడు. పాఠం అప్పజెప్పడం, క్లాసు ముందు నిలబడి మాట్లాడటం లాంటివి వాడికి లేకుండా చేస్తామని టీచర్ అంటున్నారు. ఒప్పుకోమంటారా? పాపకు ఇది ముదరకుండా ఏం చేయాలి?
– ఒక తల్లి

సమాధానం: మీ రెండు ప్రశ్నలకూ వస్తాను. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని రేపటికి వాయిదా వేయకండి. బాబును దగ్గర కూర్చోబెట్టుకుని, చెల్లికి మాట తడబడటానికి నువ్వు కారణం కాదని చెప్పండి. "చెల్లితో ఎక్కువ మాట్లాడొద్దు" అన్నప్పుడు వాడికి ఏం వినిపించి ఉంటుందో ఆలోచించండి. నా నోట్లోంచి వచ్చే మాట పసిపిల్లకు హాని చేస్తుందని అమ్మ కూడా నమ్ముతోంది అనుకుని ఉంటాడు. అలా అనుకున్న పిల్లాడు మీతో మాత్రం ఎందుకు మాట్లాడతాడు?

నత్తి ఒకరిని చూసి మరొకరు నేర్చుకునేది కాదు. పిల్లలు సరదాకి ఎవరి మాటనైనా అనుకరిస్తారు, ఆట అయిపోగానే మానేస్తారు. మాట గొంతులో ఇరుక్కోవడం, దాన్ని బయటికి తోయడానికి ఒళ్ళంతా బిగించడం అనుకరణతో వచ్చేవి కావు. అయితే నత్తి కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువ మందికి కనిపించే మాట నిజం. దానికి కారణం చాలావరకు వంశపారంపర్యం. కవలల మీద చేసిన అధ్యయనాల్లో, ఒకే పోలికతో పుట్టే కవలల్లో ఒకరికి నత్తి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం మామూలు కవలల కంటే ఎక్కువని తేలింది. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు, పాకిస్తాన్ కుటుంబాలతో మొదలుపెట్టిన పరిశోధనలో నత్తికి సంబంధం ఉన్న మూడు జన్యువులను గుర్తించారు. నత్తి ఉన్న అందరికీ ఆ జన్యువులే కారణం కాదు, వాటితో ముడిపడినవి కొన్ని కేసులే. ఇంకా తెలియాల్సింది చాలా ఉంది. కానీ తల్లిదండ్రుల పెంపకంలో లోపమో, చిన్నప్పుడు పడిన భయమో, అన్న మాటలు చెవిన పడటమో నత్తిని పుట్టిస్తుందన్న వాదన మాత్రం నిలబడలేదు. మీ పిల్లలిద్దరికీ ఇది వచ్చిందంటే, ఇద్దరూ ఒకే అమ్మానాన్నలకు పుట్టడం వల్ల అయ్యుండాలి. ఇందులో వాడి తప్పు ఎంత లేదో మీ తప్పూ అంతే లేదు.

వాడితో పెద్ద ఉపన్యాసం వద్దు. "నాకు తెలియక అలా అన్నాను. కనుక్కున్నాను, అది తప్పట. నీ వల్ల చెల్లికి ఏమీ కాలేదు. నీ కథల కోసం అది ఎదురు చూస్తోంది" అంటే చాలు. వాడు వెంటనే ఏమీ అనకపోవచ్చు. ఊరుకోండి. మళ్ళీ ఎప్పటినుంచి కథలు చెప్పాలో వాడే తేల్చుకుంటాడు. మీ అత్తగారికి కూడా ఈ సంగతి చెప్పండి, వాడు వినేలా చెబితే ఇంకా మంచిది. ఆవిడ మనవరాలి మీద బెంగతోనే అని ఉంటారు, కాబట్టి వాదన పెట్టుకోనక్కర్లేదు. పిల్లలిద్దరి మధ్యా దూరం పెట్టే మాట మాత్రం ఇంట్లో ఇక వినపడకూడదు.

ఇప్పుడు మీవారు అంటున్న టెన్షన్ గురించి. పాడేటప్పుడు తడబడని వాడు మాట్లాడేటప్పుడు ఎందుకు తడబడుతున్నాడు అన్నది సహజమైన అనుమానమే. ఒక చిన్న మాట పలకాలన్నా ఊపిరి, స్వరపేటిక, నాలుక, పెదవులు రెప్పపాటులో సరైన వరసలో కదలాలి. నత్తి ఉన్నవాళ్ళలో ఆ వరసను నడిపే మెదడు భాగాల మధ్య, ముఖ్యంగా ఎడమవైపు, అనుసంధానంలో తేడాలు ఉన్నాయని స్కానింగ్ అధ్యయనాలు చూపించాయి. పాటలో పదాలు ముందే తెలుసు, ఏ అక్షరం ఎప్పుడు రావాలో తాళం చెబుతుంది. పదిమందితో కలిసి ఒకేసారి చదివినప్పుడు కూడా నత్తి ఉన్నవాళ్ళు దాదాపు అందరూ సాఫీగా చదువుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు, పెంపుడు కుక్కతో మాట్లాడేటప్పుడు తడబడని వాళ్ళు కూడా ఎందరో ఉన్నారు. కాబట్టి పాడగలుగుతున్నాడంటే నటిస్తున్నాడనో, మనసు పెట్టడం లేదనో అర్థం కాదు. టెన్షన్ వల్ల నత్తి పుట్టదు, ఉన్న నత్తి ఎక్కువ కావచ్చు. ఒకరోజు బాగా మాట్లాడి మర్నాడు ఒక్క వాక్యం కూడా పెగలకపోవడం నత్తి స్వభావమే. "నిన్న బాగానే మాట్లాడావుగా" అని ఎవరూ అనకుండా చూడండి. వాడి చేతిలో లేనిదాన్ని పట్టుకుని వాణ్ణే నిలదీసినట్టవుతుంది.

"ఊపిరి పీల్చుకో, మెల్లగా చెప్పు" అనే సలహా ప్రేమతోనే ఇస్తారు. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లాడు దాన్ని ఎంతమంది నోట విని ఉంటాడు! ఏ మాట చెప్పాలో వాడికి స్పష్టంగా తెలుసు, ఆ మాట మీదే గొంతు మూసుకుపోయింది. ఆ క్షణంలో సలహా ఇస్తే, నువ్వు చెప్పేది మేం వినడం లేదు, ఎలా చెబుతున్నావో చూస్తున్నాం అని వాడికి అర్థమవుతుంది.

దీని గురించి ఒక పాత సంగతి చెప్పాలి. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆయనకూ నత్తి ఉండేది. పెద్దలు తప్పులు ఎత్తిచూపడం వల్లే పిల్లలకు నత్తి వస్తుందేమోనని ఆయన ఆలోచన. ఆయన దగ్గర చదువుకుంటున్న మేరీ ట్యూడర్ ఒక అనాథాశ్రమంలో 22 మంది పిల్లల మీద ప్రయోగం చేసింది. వాళ్ళలో చక్కగా మాట్లాడే ఆరుగురికి, మీకు నత్తి మొదలవుతోంది, సరిగ్గా చెప్పగలిగితే తప్ప నోరు తెరవకండి అని నెలల తరబడి చెప్పారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు. కానీ వాళ్ళలో కొందరు మాట్లాడటం తగ్గించేశారు, అడిగిన దానికి ముక్తసరిగా జవాబిచ్చి ఊరుకోవడం మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయం 2001లో దీనికి బహిరంగంగా క్షమాపణ చెప్పింది. బతికున్న బాధితులకూ, చనిపోయినవారి కుటుంబాలకూ అయోవా రాష్ట్రం 2007లో నష్టపరిహారం ఇచ్చింది. మిమ్మల్ని ఆ ప్రయోగం చేసినవాళ్ళతో పోల్చడానికి ఇది చెప్పడం లేదు. పదేపదే మాటను సరిదిద్దితే నత్తి పుట్టకపోవచ్చు గానీ, పిల్లల నోరు మూతపడుతుంది. మీ ఇంట్లో నన్ను కలవరపెడుతున్నది వాడి నత్తి కాదు, వాడి మౌనం.

ఎందుకంటే నత్తిలో బయటివాళ్ళకు వినిపించేది కొంతే. మిగతాది దాచుకోవడానికి పడే కష్టం. తెలిసిన జవాబుకు తెలియదనడం, నోరు తిరగని మాట వస్తోందని ముందే పసిగట్టి వాక్యం మార్చేయడం, కావలసింది వదిలేసి పలకగలిగింది అడిగి తెచ్చుకోవడం, ఫోన్ మోగితే బాత్‌రూమ్‌లోకి వెళ్ళిపోవడం. నత్తి ఉన్న చాలామందికి సొంత పేరు చెప్పడమే అన్నిటికంటే కష్టం. మిగతా మాటలకు బదులు మాట వెతుక్కోవచ్చు, పేరుకు ఎక్కడ దొరుకుతుంది? కళ్ళు మూసుకోవడం, తొడ మీద కొట్టుకోవడం కూడా ఇలాంటివే. ఎప్పుడో ఒకసారి అలా చేస్తే మాట బయటపడి ఉంటుంది, అది అలవాటైంది. ఇప్పుడు దానివల్ల లాభం లేకపోయినా మానలేడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపకండి. మాట మీద భయం తగ్గేకొద్దీ అవి కూడా తగ్గుతాయి.

మరి మీరేం చేయాలంటే, వాడు మాట మీద ఆగినప్పుడు ఆగండి. మామూలుగా ముఖం వైపు చూస్తూ ఉండండి. జాలిగా చూడొద్దు, ఊపిరి బిగబట్టి చూడొద్దు, చూపు తిప్పుకోవద్దు. వాక్యం మీరు పూర్తి చేయకండి. మీరు ఊహించింది తప్పైతే వాడు "అది కాదు" అనే మాటతో కలిపి మొదటి నుంచీ మళ్ళీ చెప్పుకోవాలి. ఒప్పైనా, ఆ మాట వాడిది కాకుండా పోతుంది. కొందరికి మాత్రం మరీ ఇరుక్కున్నప్పుడు ఎవరైనా అందించడం ఇష్టంగానే ఉంటుంది, ఇది వాడినే అడగండి. "నువ్వు మాట మీద ఆగినప్పుడు నేనేం చేస్తే నీకు బాగుంటుంది?" అని తీరిగ్గా ఉన్నప్పుడు అడిగితే, మీ ఇంట్లో ఈ విషయం మాట్లాడుకోవచ్చని వాడికి తెలుస్తుంది. ఇన్నేళ్ళలో బహుశా ఎవరూ వాడిని ఆ ప్రశ్న అడిగి ఉండరు.

వాడు జవాబు చెప్పేశాక "ఈసారి ఎంత బాగా చెప్పావో" అని మాట సాఫీగా వచ్చినందుకు మెచ్చుకోకండి. వాడు చెప్పిన విషయానికి జవాబివ్వండి. ఆటలో ఏం జరిగిందో చెబితే ఆట గురించే అడగండి. నలుగురు కూర్చున్న చోట వాడు మొదలుపెట్టిన మాటను ఇంకొకరు లాక్కుంటే, "ఉండండి, వాడేదో చెబుతున్నాడు" అని అడ్డుపడండి. మీవారు చేయగలిగిన మంచి పని ఇంకొకటి ఉంది. వాడిని మెల్లగా మాట్లాడమనే బదులు తనే తొందర లేకుండా మాట్లాడటం, వాడు ముగించాక ఒక క్షణం ఆగి జవాబివ్వడం. ఇంట్లో అందరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతుంటే, సందు దొరికిన క్షణంలో చెప్పేయాలన్న ఒత్తిడి వాడి మీదే ఎక్కువ పడుతుంది.

బయట మీరే చెప్పేయడం గురించి. వాడి ఇబ్బంది చూడలేక చేశారు, ఏ తల్లైనా చేస్తుంది. రేపటి నుంచి ఒక్కసారిగా మానేసి వాణ్ణి నడివీధిలో వదిలేసినట్టు చేయకండి. ఇకనుంచి నీ తరఫున నేను చెప్పను, కానీ నీ పక్కనే ఉంటాను అని ముందే చెప్పండి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వాడే ఎంచుకోనివ్వండి. వాడు మీ వైపు చూస్తే మీరు అడిగినవాళ్ళ వైపు కాకుండా వాడి వైపే చూడండి.

ఇక స్కూలు. టీచర్ మంచి మనసుతోనే అంటున్నారు, కానీ పూర్తిగా తప్పించడానికి నేను ఒప్పుకోను. నువ్వు మాట్లాడకపోతేనే మాకు సౌకర్యం అని 40 మంది ముందు ప్రకటించినట్టు ఉంటుంది. ఇప్పటికే నోరు కట్టేసుకున్న పిల్లాడికి అది ముద్ర కొట్టినట్టే. అలాగని బలవంతంగా నిలబెట్టడమూ క్రూరమే. మధ్యలో దారులున్నాయి. వరసగా ఒక్కొక్కరినీ లేపుతూ వస్తుంటే తన వంతు దగ్గరపడే కొద్దీ నత్తి ఉన్న పిల్లాడు పాఠం వినడు, తన మాట ఎక్కడ ఇరుక్కుంటుందో లెక్కేసుకుంటూ ఉంటాడు. అందుకే వాడిని మొదట్లోనే పిలవడమో, ఎప్పుడు పిలుస్తారో ముందే చెప్పడమో చేయవచ్చు. స్నేహితుడితో కలిసి ఇద్దరూ ఒకేసారి చదవవచ్చు. టీచర్‌కు ఒక్కరికే అప్పజెప్పవచ్చు, తర్వాత ఒకరిద్దరు స్నేహితుల ముందు. మార్కులు విషయానికి వేయాలి, వేగానికి కాదు, కాలపరిమితి ఉంటే సడలించాలి. వీటిలో ఏది కావాలో వాడు చెప్పాలి. ఆ మాటలు జరిగేటప్పుడు మీరూ టీచరూ మాత్రమే కాదు, వాడూ అక్కడ ఉండాలి.

ఎవరైనా వెక్కిరిస్తున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. ఉంటే ఆపించాల్సింది పెద్దవాళ్ళే, "పట్టించుకోకు" అని వాడికే వదిలేయకూడదు. వాడికి ఇష్టమైతే "నాకు నత్తి ఉంది, ఒక్కోసారి కాస్త టైమ్ పడుతుంది" అని క్లాసులో తనే చెప్పవచ్చు. ఇలా ముందే చెప్పేసిన చాలామంది ఆ తర్వాత భారం తగ్గిందంటారు, దాచాల్సింది లేకపోయాక మాటా కాస్త తేలికవుతుంది. మీరు తొందరపెట్టి చెప్పించకండి.

స్పీచ్ థెరపీ గురించి మీరు రాయలేదు. వెళ్ళి ఉండకపోతే నత్తి మీద అనుభవం ఉన్న స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి. 13 ఏళ్ళ వయసులో నత్తి పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇన్ని రోజుల్లో తగ్గిస్తాం, గ్యారంటీ అనే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. నత్తికంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఇప్పటివరకు ఒక్కటీ లేదు. నాలుకలో లోపమనుకుని 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరున్న సర్జన్ రోగుల నాలుకలు కోసి ముక్క తీసేశాడు. వాళ్ళు అనుభవించిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నోట్లో గులకరాళ్ళు పెట్టించడం లాంటివి ఈనాటికీ సలహా ఇచ్చేవాళ్ళున్నారు. లోపం నాలుకలో లేదు, దాన్ని శిక్షించి లాభం లేదు.

మంచి థెరపిస్ట్ ఇరుక్కున్న మాటను బలంతో తోయకుండా బిగువు సడలించి నెమ్మదిగా బయటికి జార్చడం నేర్పిస్తారు, మాట మొదలుపెట్టేటప్పుడు గొంతును తేలికగా తెరవడం నేర్పిస్తారు. ఫోన్ భయం, క్లాసు భయం లాంటివాటి మీద కొంచెం కొంచెంగా పనిచేయిస్తారు. థెరపీ గదిలో సాఫీగా వచ్చిన మాట బయట మళ్ళీ తడబడటం మామూలే. "అక్కడ వచ్చిందిగా, ఇక్కడేమైంది?" అనకండి. కొత్త పద్ధతిని ప్రతి వాక్యంలో వాడుతూ మాట్లాడటం చాలా అలసట, ఇంట్లోనైనా వాడికి నచ్చినట్టు తడబడే స్వేచ్ఛ ఉండాలి. థెరపీకి ఇప్పుడు రానంటే వదిలేయండి, తలుపు తెరిచే ఉందని చెప్పండి. నత్తి ఉన్న తోటి పిల్లల్ని, నత్తితోనే ఉద్యోగాలు చేసుకుంటూ ధైర్యంగా మాట్లాడే పెద్దవాళ్ళని కలిసే అవకాశం దొరికితే తప్పకుండా తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళలో దాదాపు నూటికి ఒకరికి నత్తి ఉంటుంది. మీవాడు బహుశా ఇంతవరకు అలాంటి వాళ్ళను ఒక్కరినీ చూసి ఉండడు.

పాప సంగతి వేరు. పిల్లల్లో నూటికి కనీసం 5 మందికి ఏదో ఒక దశలో నత్తి మొదలవుతుంది, ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య. వాళ్ళలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా పిల్లలకు అది తగ్గిపోతుంది. ఆడపిల్లలకు తగ్గే అవకాశం మగపిల్లల కంటే ఎక్కువ, అందుకే పెద్దవాళ్ళలో నత్తి ఉన్న ఆడవాళ్ళు ఒకరుంటే మగవాళ్ళు దాదాపు నలుగురు ఉంటారు. ఇవన్నీ మీకు ఊరటనిచ్చే సంగతులే. కానీ ఇంట్లో నత్తి తగ్గకుండా నిలిచిపోయినవారు ఒకరున్నారు కాబట్టి, "పెద్దయ్యాక అదే పోతుంది" అని చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడే ఒకసారి చూపించండి. చిన్నపిల్లలు మాట వెతుక్కుంటూ "నేను... నేను... అది కావాలి" అనడం సాధారణం. మాటలో మొదటి అక్షరమే పదేపదే రావడం, అక్షరాన్ని సాగదీయడం, నోరు తెరిచినా శబ్దం రాకపోవడం, ముఖం బిగుసుకోవడం, "నాకు రావట్లేదు" అని ఆపేయడం కనిపిస్తే ఆలస్యం అస్సలు వద్దు.

ఆరేళ్ళలోపు పిల్లలకు బాగా పరీక్షించిన పద్ధతులే ఉన్నాయి. సిడ్నీలో మొదలైన లిడ్‌కమ్ కార్యక్రమంలో థెరపిస్ట్ తల్లికో తండ్రికో శిక్షణ ఇస్తారు, వాళ్ళు ఇంట్లో రోజూ కాసేపు చేస్తారు. పిల్లలతో పెద్దలు మాట్లాడే తీరును మార్చే పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి. పాపకు ఏది సరిపోతుందో థెరపిస్ట్ తేలుస్తారు, వీడియోలు చూసి సొంతంగా మొదలుపెట్టకండి. ఈలోగా రోజుకు ఓ ఐదు నిమిషాలు దానితో ఒంటరిగా కూర్చోండి. అది ఆడే ఆటే ఆడండి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకుండా అది ఏం చేస్తోందో చూస్తూ మీరే నిదానంగా మాట్లాడండి. బంధువుల ముందు "పద్యం చెప్పు, పాట పాడు" అని నిలబెట్టొద్దు. అది మాట రావట్లేదని మీ వైపు చూస్తే, విననట్టు ఉండిపోకండి. "ఒక్కోసారి మాట ఇరుక్కుంటుంది, పర్లేదు, నేను వింటున్నా" అనండి. మూడున్నరేళ్ళ పిల్లకు అంతకంటే అక్కర్లేదు.

థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళేముందు పాప ఇంట్లో మామూలుగా మాట్లాడుతున్నప్పుడు ఫోన్‌లో రెండు మూడు వీడియోలు తీసి పెట్టుకోండి. ఆ రోజు మాట బాగా వచ్చే రోజైతే గదిలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎప్పుడు మొదలైంది, మధ్యలో తగ్గి మళ్ళీ ఎప్పుడు వచ్చింది, మీ వైపూ మీవారి వైపూ ఇంకెవరికైనా ఉండేదా, వాళ్ళకు ఏ వయసులో పోయింది, ఇవి కనుక్కుని రాసుకెళ్ళండి. బాబును వేరే రోజు, వాడు సరేనన్నాక, వాడి కోసమే తీసుకెళ్ళండి. గదిలో థెరపిస్ట్ వాడిని అడిగిన ప్రశ్నకు ఎంతసేపు పట్టినా జవాబు వాడినే చెప్పనివ్వండి.